పోచంపల్లికి టూరిస్టులు వస్తే మగ్గం మీదున్న మనిషికి ఏమొస్తుంది?

2021 నవంబరులో ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ పర్యాటక సంస్థ భూదాన్ పోచంపల్లిని ప్రపంచంలోని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ప్రకటించింది. డిసెంబరు 2న మాడ్రిడ్‌లో అవార్డు ఇచ్చారు. అప్పటిదాకా పోచంపల్లి అనగానే జనానికి చీర గుర్తొచ్చేది, చరిత్ర చదువుకున్నవాళ్లకు 1951 ఏప్రిల్ 18న వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి భూదానంగా ఇచ్చిన వంద ఎకరాలు గుర్తొచ్చేవి. ఇప్పుడు వాటికి వీకెండ్ ట్రిప్ కూడా తోడైంది. హైదరాబాద్ నుంచి దూరం సుమారు 50 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరితే మ్యూజియం, వినోబా మందిరం, రెండు మూడు మగ్గాలు, నాలుగైదు షాపులు చూసుకుని చీకటి పడేలోగా ఇంటికి చేరిపోవచ్చు.

2025 మేలో తెలంగాణలో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పుడు పోటీదారుల్లో ఒక బృందాన్ని ఇక్కడికి తీసుకొచ్చారు. మగ్గాల దగ్గర ఫొటోలు దిగారు, ఇకత్ (పోగులకు ముందే రంగులద్ది నేసే) బట్టల ప్రదర్శన జరిగింది, టీవీల్లో ఊరు వెలిగిపోయింది. అలాంటి రోజుల గురించి వార్తలకు కొదవ ఉండదు. మర్నాడు మళ్లీ మగ్గం గుంటలోకి దిగిన మనిషి ఈ హడావిడి గురించి ఏమనుకున్నాడన్నది మాత్రం ఎక్కడో చివరి పేరాలో, అది కూడా ‘మాకు చాలా సంతోషంగా ఉంది’ అన్న ఒక్క ముక్కలో అయిపోతుంది.

నిజానికి చేనేత కళాకారుల అభిప్రాయం అంటూ ఒక్కటి దొరకదు. ఊరొక్కటే అయినా, నేసే చీర ఒక్కటే అయినా, ఆ చీర తయారయ్యే వరసలో ఎవరు ఎక్కడున్నారన్న దాన్నిబట్టి టూరిజం గురించి వాళ్ల మాట మారిపోతుంది. మెయిన్ రోడ్డు మీద షాపున్నవాడు ఒకటంటాడు. నూలు ఇచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ ఇంకొకటంటాడు. మజూరీకి నేసేవాడి లెక్క వేరు. ఇంట్లో కూర్చుని ఆసు పోసే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే, ఆడమనిషిని అసలు ఎవరూ అడగరు.

షాపుల వాళ్ల సంగతి తేలికగా అర్థమవుతుంది. వాళ్లకు టూరిజం మంచిదే, ఇంకా రావాలంటారు. పెళ్లిళ్ల సీజన్ కోసం ఎదురుచూసే వ్యాపారానికి శనాదివారాల గిరాకీ అదనం. బస్సు దిగిన నలభై మందిలో పది మంది చీర కొన్నా, మిగతావాళ్లు ఓ దుపట్టానో, కుషన్ కవరో, సంచో పట్టుకెళ్లినా ఆ రోజు గల్లా నిండుతుంది. పార్కింగ్ లేదని, మంచి హోటల్ లేదని, టాయిలెట్లు సరిగా లేవని, వాళ్ల ఫిర్యాదులు కూడా ఏ ఊరి వ్యాపారి అయినా చెప్పేవే. ఇందులో తప్పేమీ లేదు. అయితే పర్యాటక శాఖ వాళ్లు, టూర్లు నడిపేవాళ్లు, విలేకరులు మొదట మాట్లాడేది వీళ్లతోనే కాబట్టి, వీళ్ల అభిప్రాయమే ఊరి అభిప్రాయంగా బయటికి వెళ్తుంది. తేడా అక్కడొస్తుంది.

మజూరీ లెక్క

టూరిస్టు ఒక నేత ఇంట్లోకి వస్తాడు. గుంట మగ్గం మీద పట్టు చీర సగం నేసి ఉంటుంది. ‘చాలా బాగుంది, ఎంత?’ అని అడుగుతాడు. అక్కడ కూర్చున్న నేతకారుడు ధర చెప్పలేడు. చెప్పినా అమ్మలేడు. ఎందుకంటే ఆ చీర అతనిది కాదు. పట్టు నూలు మాస్టర్ వీవర్ ఇచ్చాడు, డిజైన్ ఆయనదే, రంగుల ఖర్చు ఆయనదే. నేసి ఇచ్చినందుకు చీరకింత అని మజూరీ వస్తుంది. చీర దిగాక అది మాస్టర్ వీవర్ ఇంటికి, అక్కడి నుంచి షాపుకో, హైదరాబాద్‌కో పోతుంది. సహకార సంఘానికి నేసేవాళ్లదీ దాదాపు ఇదే పద్ధతి. నూలు సంఘానిది, చీర సంఘానిది, కూలి నేసినవాడిది.

ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్లే టూరిజం ప్రణాళికలు చాలావరకు గురి తప్పుతున్నాయి. ‘నేతకారుడి దగ్గరే నేరుగా కొనండి’ అన్న నినాదం వినడానికి బాగుంటుంది. నేరుగా అమ్మాలంటే ముందు సరుకు అతని చేతిలో ఉండాలి కదా. పట్టు నూలు సొంతంగా కొనాలంటే వేలల్లో పెట్టుబడి కావాలి. ఇకత్‌లో పడుగు (మగ్గం మీద నిలువుగా పరిచే పోగులు) ఒక్క చీరకు పోయరు, ఆరేడు చీరలకు ఒకేసారి పోస్తారు. ఆ చీరలన్నీ అమ్ముడుపోయేదాకా ఇల్లు గడవాలి. నెలనెలా చేతికొచ్చే మజూరీ వదులుకుని ఆ రిస్కు తీసుకోగలిగేవాళ్లు తక్కువ. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో మూడింట రెండొంతుల నేత కుటుంబాల నెల సంపాదన 5 వేల రూపాయల లోపే. ఇకత్ నేసేవాళ్లు ఆ సగటు కంటే కాస్త మెరుగ్గానే ఉండొచ్చు. అయినా లక్ష రూపాయల సరుకు ఇంట్లో పేర్చుకుని టూరిస్టు కోసం కూర్చునే పరిస్థితి మాత్రం కాదు.

అందుకే మజూరీ నేతకారులు టూరిస్టుల గురించి మాట్లాడేటప్పుడు ముందు టైం గురించి చెబుతారు. వచ్చినవాళ్లకు పడుగంటే ఏంటో, పేకంటే ఏంటో చెప్పాలి. కాళ్ల కింద తొక్కుడు చెక్కలు చూపించాలి. ఒకాయన ‘నేనొకసారి వేసి చూస్తా’ అని నాడె (అడ్డపోగు తీసుకెళ్లే సాధనం) విసురుతాడు. పోగు తెగుతుంది. ఇకత్‌లో తెగిన పోగును ముడేసి ఊరుకుంటే కుదరదు, రంగు మారే చోటు పక్క పోగుతో సరిపోవాలి. వాళ్లు వెళ్లాక దాన్ని సరిచేసుకోవడానికి అరగంట. అలా రోజుకు రెండు మూడు గుంపులొస్తే పని వెనకబడుతుంది, మజూరీ మాత్రం చీర దిగాకే. మర్యాదకు ఎవరూ పొమ్మనరు. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఆ మర్యాదనే టూరు ప్యాకేజీలో ఉచితంగా కలిపేసి అమ్ముతున్నారన్నది వాళ్ల అసలు గుర్రు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. అదే నేతకారుడు, తన పని చూడటానికి ఎక్కడి నుంచో మనుషులు వస్తున్నారంటే లోపల సంతోషపడతాడు. కొడుకు ‘ఈ పని నాకొద్దు’ అని హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగానికి పోయిన ఇంట్లో, పరాయి దేశం మనిషి వచ్చి తన చేతుల్ని వీడియో తీసుకుంటుంటే కలిగే గర్వం తక్కువేమీ కాదు. విసుగు, గర్వం ఒకే మనిషిలో ఉంటాయి, ఒకే మధ్యాహ్నం బయటపడతాయి. సర్వేల్లో ‘టూరిజం వల్ల మీకు లాభమా, నష్టమా?’ అని అడిగి టిక్కు పెట్టించుకుంటే ఇది తేలదు.

చూడనిది ఎక్కువ

టూరిస్టు చూసేది మగ్గం. ఇకత్ పనిలో చివర్లో వచ్చేది కూడా మగ్గమే. బొమ్మ పుట్టేది దానికి చాలా ముందు. ముందు నూలును చిలపల నుంచి కండెలకు చుట్టాలి. తర్వాత ఆసు పోయాలి. చెక్క చట్రం మీద ఒకవైపు ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారం పట్టుకున్న చెయ్యి ఆ ఒక్క మేకుకూ, ఎదురు వరసకూ మధ్య తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు. లెక్క తప్పితే డిజైన్ తప్పుతుంది. ఆ తర్వాత గీతలు పెట్టుకుని, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో, చాలాసార్లు పాత సైకిల్ ట్యూబు కోసిన ముక్కలతో, గట్టిగా కడతారు. చిటికి కట్టడమంటే ఇదే. కట్టి ఒక రంగులో ముంచడం, ఆరబెట్టడం, కొన్ని విప్పి మళ్లీ కొన్ని కట్టి ఇంకో రంగులో ముంచడం. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఇదంతా అయ్యాక గాని నాడె కదలదు.

ఆసు పోసేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లు. భుజాలు, మోచేతులు పట్టేసే పని. ఇదే యాదాద్రి భువనగిరి జిల్లాలో ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే బాధ చూసి 1999లో ఆసు యంత్రం తయారు చేసింది అందుకే. దానికి ఆమె పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేత కుటుంబాల్లో ఆడవాళ్లను అడిగితే తమ బతుకును మార్చినవాటిలో ఈ యంత్రం పేరు ముందు చెబుతారు, పర్యాటక అవార్డు పేరు కాదు.

టూరిజం మాటల్లో మాత్రం ఈ ఆడవాళ్లు ఫొటోలోనో, వంటింట్లోనో కనిపిస్తారు. మగ్గం ముందు కూర్చున్న మగవాడు కళాకారుడు, చట్రం ముందు కూర్చున్న భార్య సహాయకురాలు. గుర్తింపు కార్డులు, అవార్డులు, మాట్లాడమని మైకు, అన్నీ మగ్గం దగ్గరే ఆగిపోతాయి. మొత్తం దేశం లెక్కలో చేనేత పనివారిలో ఆడవాళ్లే ఎక్కువన్న సంగతి గుర్తుపెట్టుకుంటే ఇది ఎంత పెద్ద పొరపాటో తెలుస్తుంది. ఆశ్చర్యం ఏమిటంటే టూరిస్టుకు చూపించడానికి ఆసు, చిటికి కంటే ఆసక్తికరమైనవి లేవు. మగ్గం దేశమంతా ఉంది. కట్టిన పోగును విప్పితే రంగుల మధ్య నుంచి తెల్లటి గీత బయటపడే క్షణం ఇకత్‌లోనే ఉంది. దాన్ని చూపించే టూర్లు అరుదు, ఎందుకంటే అది మెయిన్ రోడ్డు మీద జరగదు, ఎప్పుడంటే అప్పుడు జరగదు.

మాస్టర్ వీవర్ల భయం వేరు. వాళ్లకు ఫోన్ కెమెరా అంటే టెన్షన్. కొత్త డిజైన్ తయారు చేయడానికి నెలలు పడుతుంది. గ్రాఫు కాగితం మీద గీసుకుని, ఒక్కో పోగుకూ లెక్క వేసుకుని, మొదటి పడుగులో తప్పులు దిద్దుకుని బయటికి తెస్తారు. దాన్ని ఒక ఫొటో తీసి పంపితే ఎక్కడో మిల్లులో పాలిస్టర్ మీద ప్రింటు కొట్టేయొచ్చు. పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది పేరును కాపాడుతుంది. ఇంకెక్కడో నేసినదాన్ని పోచంపల్లి ఇకత్ అని అమ్మకూడదు. డిజైన్ పోలికతో ప్రింటు వేసి ‘ఇకత్ ప్రింట్’ అని అమ్మేవాణ్ని పట్టుకోవడానికి అది చాలదు. డిజైన్ల చట్టం కింద ఒక్కో డిజైన్ రిజిస్టర్ చేయించుకోవచ్చు గాని, ఏడాదికి పదుల కొద్దీ డిజైన్లు మార్చేవాడు ఎన్నింటికి ఫీజులు కడతాడు? పైగా సంప్రదాయ నమూనాలకు కొత్తదనం రుజువు చేయడమూ కష్టమే.

అందుకని కొన్ని ఇళ్లలో కొత్త పని మీద గుడ్డ కప్పి పెడతారు. పాత డిజైన్ ఉన్న మగ్గాన్నే చూపిస్తారు. టూరిస్టు తాను చూసింది ఊరి గొప్ప పని అనుకుని వెళ్లిపోతాడు. గొప్ప పని లోపలి గదిలో ఉంటుంది.

ప్రింటు చీరల గొడవ ఊళ్లోకి కూడా వచ్చేసిందన్నది నేతకారుల ఆరోపణ. గిరాకీ పెరిగిన చోట చవక సరుకు కూడా చేరుతుంది. ఏడెనిమిది వేల చీర కొనలేని టూరిస్టు వెయ్యి లోపు ఏదో ఒకటి పట్టుకెళ్లాలనుకుంటాడు. అసలు చీరల వరసలోనే ఆ ‘ఏదో ఒకటి’ వేలాడుతుంటే అతనికి తేడా తెలియదు. తెలుసుకోవడం మరీ కష్టమేమీ కాదు. ఇకత్‌లో రంగు పోగుకే ఎక్కుతుంది కాబట్టి బట్ట రెండు వైపులా ఒకేలా ఉంటుంది. బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు, ఈకల్లా ఉంటాయి. ప్రింటులో వెనకవైపు వెలిసిపోయి, అంచులు గీత గీసినట్టు నున్నగా ఉంటాయి. చేత్తో నేసిందని చెప్పే, 2006లో వచ్చిన చేనేత మార్కు లేబుల్ ఉందా అని అడగడం మరో దారి. ఊళ్లో అడుగుపెట్టే చోట ఈ నాలుగు ముక్కలు పెద్ద బోర్డు మీద రాసి పెట్టమన్నది నేతకారులు ఎప్పటినుంచో అడుగుతున్న చిన్న కోరిక. స్వాగత తోరణాలకు దొరికిన డబ్బు దీనికి దొరకదు.

పక్క ఊళ్ల మాట

పోచంపల్లి పేరు ఒక్క ఊరిదే అయినా ఈ నేత విస్తరించింది దాదాపు 80 గ్రామాల్లో. పుట్టపాక, కొయ్యలగూడెం, గట్టుప్పల్, వెల్లంకి, సిరిపురం, ఇలా పాత నల్గొండ జిల్లా అంతా. నూలు బట్టకు కొయ్యలగూడెం పెట్టింది పేరు. తేలియా రుమాలు అంటే పుట్టపాక. నూలును నూనె, బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి చేసే ఈ రుమాళ్లు ఒకప్పుడు చీరాల నుంచి అరబ్ దేశాలకు ఎగుమతయ్యేవి. ఇకత్ నేత ఈ ప్రాంతానికి వచ్చింది కూడా చీరాల వైపు నుంచే, గత శతాబ్దం మొదట్లో. పట్టు వచ్చింది ఇంకా ఆలస్యంగా, 1970 ప్రాంతంలో, ఇక్కడి నేతకారులు బెనారస్ వెళ్లి నేర్చుకొచ్చాక. తేలియా రుమాలుకు 2020లో విడిగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయి.

అంటే పనితనం విషయంలో పోచంపల్లికి ఏమాత్రం తీసిపోని ఊళ్లు చుట్టూ ఉన్నాయి. టూరిస్టు బస్సు మాత్రం అక్కడికి పోదు. పర్యాటక కేంద్రం, మ్యూజియం, గదులు, అవార్డు బోర్డు అన్నీ ఒకచోటే. పక్క ఊళ్ల కళాకారులకు అవార్డు మీద కోపం లేదు. పేరు పెరిగితే సరుకు కదులుతుందని వాళ్లకు తెలుసు. కానీ తాము నేసింది పోచంపల్లి షాపు మీదుగా పోయినప్పుడు తమ ఊరి పేరు, తమ పేరు రెండూ రాలిపోతున్నాయన్నది వాళ్ల బాధ. తేలియా రుమాలు చేయడం చూడాలని వెతుక్కుంటూ వచ్చే డిజైనర్లు, పరిశోధకులు, మ్యూజియం వాళ్లు పుట్టపాకకు వస్తారు. ఏడాదికి కొద్దిమందే అయినా రోజంతా కూర్చుంటారు, ఆర్డరిచ్చి పోతారు. వంద మంది చూసి పోయేకంటే అలాంటి ఒక్కరు వస్తే చాలనే మాట అక్కడ గట్టిగా వినిపిస్తుంది. పర్యాటక శాఖ లెక్కల్లో అయితే వంద వందే, ఒకటి ఒకటే.

ఈ గొడవ పోచంపల్లికే ప్రత్యేకమేమీ కాదు గాని, ఒక్కో కళలో ఒక్కోలా కనిపిస్తుంది. ఒడిశాలో పూరీ దగ్గర రఘురాజ్‌పూర్‌ను 2000 సంవత్సరంలో వారసత్వ సంపదను కాపాడే సంస్థ ఇంటాక్ వారసత్వ గ్రామంగా తీర్చిదిద్దింది. బట్ట మీద బొమ్మలు వేసే పట్టచిత్ర కళాకారుల ఊరు, ఒడిస్సీ గురువు కేలుచరణ్ మహాపాత్ర పుట్టిన ఊరు. గోడల నిండా బొమ్మలు, ఇంటింటా అరుగు మీదే అమ్మకం. అక్కడ టూరిజం కళాకారుడి చేతికి నేరుగా డబ్బు తెచ్చింది. కారణం సులువు: బట్ట, సుద్ద, చింతగింజల జిగురు, రంగులు. పెట్టుబడి తక్కువ కాబట్టి బొమ్మ గీసినవాడిదే. తాటాకు మీద చిన్న బొమ్మ గీసి అప్పటికప్పుడు అమ్ముకోవచ్చు. కానీ అందరూ అమ్మేవాళ్లే అయినప్పుడు వీధిలో అడుగుపెట్టిన మనిషిని ‘మా ఇంటికి రండి’ అంటూ ప్రతి గుమ్మం నుంచీ పిలుస్తారు. గైడు ఎవరింటికి తీసుకెళ్తే వాళ్లకే గిరాకీ, గైడుకు కమిషన్. త్వరగా అమ్ముడుపోయే జగన్నాథుడు, వినాయకుడు ఇంటింటా అవే. ఏడాది పట్టే పెద్ద పటం వేయగల చెయ్యి కూడా అరగంట బొమ్మలకు అలవాటు పడుతుంది.

మన చేర్యాలలో ఇంకో రకం. సిద్దిపేట జిల్లాలోని ఈ ఊళ్లో నకాషీ కుటుంబాలు వేసే పటాలు గోడకు తగిలించుకోవడానికి పుట్టినవి కావు. రజకులకు మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం, మాదిగలకు జాంబ పురాణం, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథ. ఊరూరా తిరిగి చెప్పే కళాకారులు ఆ పటాన్ని విప్పుతూ కథ నడిపేవాళ్లు. పద్మశాలీలకు చెప్పే మార్కండేయ పురాణం కూడా అందులో ఉంది. అంటే పోచంపల్లి నేతకారుల కులంవాళ్లు కూడా చేర్యాల పటాలకు పోషకులే. కథ వినేవాళ్లు తగ్గాక పటం అడిగేవాళ్లు తగ్గారు. మిగిలిన కొద్ది కుటుంబాలను నిలబెట్టింది రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో చేసే మాస్కులు, చిన్న ఫ్రేములు, ట్రేలు, కీచెయిన్లు. అంటే టూరిస్టు గిరాకీయే. అందుకే అక్కడి కళాకారులు టూరిజాన్ని తిట్టలేరు. కీచెయిన్ అన్నం పెడుతుంది, ఆ డబ్బుతోనే ఎప్పుడైనా ఒక పెద్ద పటం వేసుకునే తీరిక దొరుకుతుంది. కథ తెలిసిన చెయ్యి వేసిన బొమ్మకూ, రెండు రోజుల వర్క్‌షాపులో నేర్చుకుని ఇన్‌స్టాలో ‘చేర్యాల్ ఆర్ట్’ అని అమ్మే బొమ్మకూ తేడా కొనేవాడికి తెలియదన్నది మాత్రం వాళ్లను తొలిచే సంగతి. అదే వర్క్‌షాపులకు వాళ్లే వెళ్లి నేర్పుతారు, ఫీజు వస్తుంది కాబట్టి. తప్పు పట్టడానికి ఎవరికీ నోరు రాదు.

శ్రీకాళహస్తి చూస్తే టూరిస్టుల సంఖ్యే సర్వస్వం అనేవాళ్ల నోరు మూతపడాలి. రాహుకేతు పూజలకు అక్కడికి ఏడాది పొడవునా జనం వస్తూనే ఉంటారు. అదే ఊళ్లో కరక్కాయ, పాలలో నానబెట్టిన బట్ట మీద, ఇనప ముక్కలు బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన నల్లరంగుతో కలంకారీ వేసే కళాకారులున్నారు. ఊరికొచ్చే జనంతో పోలిస్తే వాళ్ల ఇళ్ల దాకా వచ్చేవాళ్లు చాలా కొద్దిమంది. పూజ అయ్యాక బస్సెక్కడమే. కలంకారీ కళాకారులకు భక్తుల కంటే ముందు కావలసింది నీళ్లు. ప్రతి రంగు తర్వాతా బట్టను పారే నీళ్లలో ఉతకాలి. స్వర్ణముఖిలో నీళ్లు లేని రోజుల్లో పని ఆగుతుంది. కళను చూపించే పథకానికి ఇచ్చే శ్రద్ధలో కొంత ఆ నీళ్లకు ఇస్తే చాలనుకునేవాళ్లు అక్కడున్నారు. కొండపల్లిలో ఇదే మాట తెల్ల పొణికి చెట్ల గురించి వినిపిస్తుంది. కర్ర దొరకని ఊళ్లో బొమ్మల మ్యూజియం ఎంత బాగున్నా ఏం లాభం?

డబ్బు ఊళ్లో నిలిచే ఏర్పాటు గురించి మాట్లాడేటప్పుడు గుజరాత్ కచ్‌లోని హోడ్కా పేరు వస్తుంది. అక్కడ భుంగాల (గుండ్రటి మట్టి ఇళ్ల) తరహాలో కట్టిన రిసార్టు ఊరి కమిటీదే, నడిపేది ఊరివాళ్లే. బస చేసిన డబ్బు ఊళ్లోనే ఉంటుంది, కుట్టుపని చేసే ఆడవాళ్ల సరుకు అక్కడే అమ్ముడవుతుంది. పోచంపల్లిలో అదే మోడల్ పెట్టాలని సలహాలిచ్చేవాళ్లున్నారు. ఒక్క చిక్కుంది. హోడ్కా వెళ్లినవాడు చాలావరకు రాత్రి ఉండిపోతాడు, చుట్టూ బన్నీ గడ్డినేలలు. పోచంపల్లి వచ్చినవాడికి గంటన్నరలో సొంత మంచం ఉంది. హైదరాబాద్ దగ్గరగా ఉండటం ఈ ఊరికి మార్కెట్ తెచ్చింది, రాత్రి బసను దూరం చేసింది. దగ్గరతనం వల్ల ఇంకోటి కూడా జరుగుతోంది: భూముల ధరలు. ప్లాట్ల వ్యాపారం చేసే కొడుకు ఆరు నెలల్లో చూసే డబ్బు తండ్రి మగ్గం మీద ఏళ్లకేళ్లు నేసినా చూడడు. టూరిజం పేరు ఊరికి వచ్చిన ప్రతిసారీ మొదట పెరిగేది చీర ధర కాదు, గజం ధర.

మరి కళాకారులు ఏం కోరుతున్నారు? వేర్వేరు నోళ్ల నుంచి వచ్చినా కొన్ని మాటలు కలుస్తాయి. మగ్గం చూపించి, పని వివరించినందుకు ఇంటికింత అని రుసుము ఉండాలి, అది టూరు నడిపేవాడు ముందే కట్టాలి. గుంపులు చెప్పి రావాలి, ఏ ఇంటికి ఏ రోజన్నది వంతుల వారీగా ఉండాలి, లేకపోతే రోడ్డు పక్క ఇంటికే అన్నీ పోతాయి. సొంతంగా నూలు కొనుక్కోవడానికి తక్కువ వడ్డీ అప్పు దొరికితే ఏడాదికి ఒక్క పడుగైనా తమ పేరు మీద పోసుకుని నేరుగా అమ్ముకుంటామన్నది మజూరీ నేతకారుల మాట. టూరిజం డబ్బుతో ఇలాంటి నిధి పెట్టడం కష్టమేమీ కాదు, పెద్ద మొత్తం కూడా అక్కర్లేదు. పక్క ఊళ్లను కలుపుతూ ఒక దారి, కొయ్యలగూడెంలో నూలు, పుట్టపాకలో తేలియా, పోచంపల్లిలో పట్టు, చూపిస్తే రోజు సరిపోదు. అప్పుడు రాత్రి ఉండే అవసరం దానంతటదే వస్తుంది. ఇవన్నీ జరగాలంటే కమిటీలు, జీవోలు, బడ్జెట్లు కావాలి. ఎప్పటికవుతాయో చెప్పలేం.

బడ్జెట్ అక్కర్లేని కోరిక ఒకటుంది. ప్రతి చీర ట్యాగు మీద ధర కింద మూడు పేర్లు రాయాలి: ఆసు పోసి చిటికి కట్టినవాళ్ల పేరు, నేసినవాళ్ల పేరు, వాళ్ల ఊరి పేరు. రేపు పొద్దున మొదలుపెట్టొచ్చు, పెన్ను చాలు. ఇక్కడ అడ్డుపడేది ప్రభుత్వం కాదు, ఊళ్లోని షాపులే. వాళ్ల కారణం వాళ్లకుంది. పేరు, ఊరు తెలిస్తే ఈసారి షాపులో కొన్నవాడు వచ్చేసారి నేరుగా ఆ ఇంటి గుమ్మం ముందే కారు ఆపుతాడు.